రుక్మాబాయి అరలీటరు

గౌలిపుర సందుల్లో ఒకదాని చివర మల్లన్న డెయిరీ ఉంది. ముందు గదిలో కొట్టు, వెనక కొట్టంలో పదో పన్నెండో బర్రెలు, మేడమీద కాపురం. కొట్టులోంచే మేడమీదికి ఇరుకు మెట్లు. కొత్తవాళ్లకు దారి చెప్పాలంటే బోర్డు చూపించనక్కర్లేదు. పచ్చిపాల వాసనా పేడ వాసనా కలిసి ముక్కు పట్టుకుని లాక్కొస్తాయి. చార్మినార్ చూసి ఇటు దారి తప్పిన టూరిస్టులు సందు మొదట్లోనే చున్నీలు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరుగుతారు. ఆ ఇంటి పిల్ల వర్షితకు మాత్రం ఆ వాసన లేనిచోట కన్ను మూతపడదు.

వర్షితకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి శివయ్య మంచివాడే గానీ మాట తక్కువ. ఆ తక్కువ మాటలు కూడా బర్రెలతోనే అయిపోతాయి. ఆ పిల్లకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, డిగ్రీ పరీక్షలకు తెల్లారకముందే లేపిందీ నాయనమ్మ రుక్మాబాయి. లోకంలో వర్షితకు పోగొట్టుకోవడానికంటూ ఉన్నది ఆ ముసలమ్మ ఒక్కతే. ఆ సంగతి వర్షితకు తెలుసు, రుక్మాబాయికి ఇంకా బాగా తెలుసు.

ఇక కంప్యూటర్ సంగతి. తాత బుచ్చయ్యకు అరవై దాటాక దానిమీద మోజు పుట్టింది. మేడపైన రేకుల గదిలో సాయితేజ అనే భీమవరం కుర్రాడు అద్దెకుంటాడు, మాదాపూర్‌లో ఏదో కంపెనీలో ఉద్యోగం. బుచ్చయ్య అతనికి రోజూ చిక్కటి పాలు పోసి మంచి చేసుకుని, కొట్టులో ఒక డెస్క్‌టాప్ పెట్టించుకున్నాడు.

"లెక్కంతా ఈ పెట్టెలో ఉండదు తాతగారూ," అని సాయితేజ చెప్పాడు. "ఎక్కడో దూరాన క్లౌడ్‌లో డేటాబేస్ ఉంటుంది. మీరు ఇక్కణ్ణుంచి దానికి కనెక్ట్ అవుతారు. పాలేసే విశాల్ తన ఫోన్‌లోంచి అవుతాడు. కనెక్ట్ అయినవాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది."

"అంటే పాలు ఈడ, లెక్క మబ్బులల్ల," అన్నాడు బుచ్చయ్య. "మంచిగనే ఉన్నది. గని నాదొక షరతు సాబ్. ముందుగాల రుక్మ తాగాలె. ఆమెకు అందినట్టు రాసినంకనే బస్తీల ఏ ఇంటికన్నా పోవాలె. ఈ కొట్టంల మొదటి బర్రె ఆమె తల్లిగారింటి నుంచి వచ్చింది. నా పెండ్లి కాడికెల్లి గిదే రివాజు."

సాయితేజ నవ్వాడు, కానీ అలాగే చేసిపెట్టాడు. రోజూ సాయంత్రం తెరమీద మొదటి వరస ఒకటే: రుక్మాబాయి, అరలీటరు. దాని ఎదురుగా 'అందింది' అని పడితే తప్ప విశాల్ ఫోన్‌లో మిగతా ఇళ్లు తెరుచుకోవు. బుచ్చయ్య మొదటి పాలు స్టీలు చెంబులో నురగతో నింపుకుని మెట్లెక్కేవాడు. ఎక్కుతూ వేలికున్న వెండి ఉంగరంతో చెంబును కొట్టేవాడు. ఠంగ్... ఠంగ్... మెట్టుకొకటి. పైన రుక్మాబాయి ఆ చప్పుడు విని మంచమ్మీద లేచి కూర్చునేది. ఆమె తాగాక కిందికొచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుని 'అందింది' నొక్కేవాడు. ఆ ముసలాయన సుఖమంతా ఆ ఒక్క నొక్కులో ఉండేది.

బోనాలు అయిన వారానికే బుచ్చయ్య ఆ కుర్చీలోనే పోయాడు. చెంబు నింపి బల్లమీద పెట్టుకుని, మెట్లెక్కే ముందు ఒక్క నిమిషం కూర్చున్నట్టున్నాడు. వర్షిత వచ్చి చూసేసరికి చెంబులో నురగ ఇంకా అణగలేదు. తెరమీద మొదటి వరస తెరిచే ఉంది. రుక్మాబాయి, అరలీటరు, అందలేదు. వేళ్లు వాచి ఉంగరం ఊడి రాలేదు. సబ్బునీళ్లు పోసి చూశారు, నూనె రాసి చూశారు. చివరికి అది ఆయనతోనే కాటికి పోయింది.

మూసీ ఒడ్డున పిట్టకు పెట్టిన రోజు ఆ ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. విస్తట్లో మాంసం, కల్లు, బీడీకట్ట, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా నిలబడ్డారు. గోడమీద కాకులు బారులు తీరి కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని మాటివ్వాలి. శివయ్య కొట్టానికి కొత్త రేకులు వేయిస్తానన్నాడు. బర్రెల్ని అమ్మనన్నాడు. చుట్టాలు తలా ఒక మాట ఇచ్చారు. ఎండ నెత్తికెక్కింది. రుక్మాబాయి నిలబడలేక గోడకు ఆనుకుంది, పెదాలు ఎండిపోయాయి. నాయనమ్మను అలా చూడలేక వర్షిత విస్తరి దగ్గరికి పోయి, వంగి, నోటికి ఏది వస్తే అది అనేసింది.

"తాతా, నీ కనెక్షన్ తియ్యం. నీ పేరు, నీ చుక్క గట్లనే ఉంటయ్."

ఆమె నడుము ఎత్తేలోగా కాకి దిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రుక్మాబాయి మాత్రం మనవరాలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మాటిచ్చినవ్ బిడ్డా. ఇగ తప్పొద్దు. ఆడ ఆయనకొక జాగ ఉన్నంత సేపు ఆణ్ణే ఉంటడు. అది తీస్తే ఇంట్లకే వస్తడు. వస్తే నాకోసమే వస్తడు."

అది భయంతో అన్నదో, ఎదురుచూపుతో అన్నదో వర్షితకు తెలియలేదు. తెలియకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆనాటి నుంచి రుక్మాబాయి పాలు ముట్టలేదు. ఎవరు తెచ్చినా ఒకటే మాట, "ఆయన తెస్తెనే తాగుత." మరి వరస కదలకపోతే బస్తీకి పాలు పోవు కదా. వర్షిత తన పేరుతో కనెక్ట్ అయి, రోజూ సాయంత్రం ఆ మొదటి వరసలో 'అందింది' అని నొక్కడం మొదలుపెట్టింది. అబద్ధమే. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది. అలాగే అనుకుంది.

పెత్రమాస, పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, వచ్చింది. పొద్దున శివయ్య తలస్నానం చేసి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చాడు. అయ్యగారు ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటీ పిలిచి నీళ్లు విడిపించాడు. బుచ్చయ్య పేరు పిలవలేదు. ఏడాది తిరగని మనిషిని పెద్దల్లో కలపరు. "ఇంటి ముంగట నిలబడి చూస్తడు, పాపం," అని రుక్మాబాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.  మధ్యాహ్నం శివయ్య ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఉస్మాన్‌గంజ్‌కు దాణా బస్తాల కోసం పోయాడు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. దీపాలు పెట్టే వేళ కాకముందే సందంతా మసకబారింది. మలుపు దగ్గర ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు, పాట, నలిగిన తంగేడు పూల వాసన గాలితో పాటు కొట్టులోకి వస్తున్నాయి. దూరాన మసీదులో అజాన్ మొదలైంది. విశాల్ క్యాన్లు నింపుకుని, బండి స్టాండు తీయకుండానే దానిమీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"అక్కా, ఓపెన్ చెయ్. ఇయ్యాల అందరికి జల్ది కావాలె."

వర్షిత స్టూలు లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. తాత కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోదు. దాన్ని గోడకు చేర్చి పెట్టింది. తాత చెంబు కూడా అంతే, కడిగి అలమరలో బోర్లించి ఉంచింది. ఆమె కనెక్ట్ అయింది. పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. మొదటి వరస తెరిచి, అలవాటుగా, 'అందింది' నొక్కింది.

తెరమీద ఒక మాట పడింది: ఈ వరస వేరొకరు తెరిచి ఉంచారు. మార్చడం కుదరదు.

ఇంతకుముందెన్నడూ అలా రాలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. వేరొకరంటే ఎవరు? విశాల్ ఫోన్‌కు ఆ వరస కనిపించదు. ఆమె కనెక్ట్ అయినవాళ్ల పట్టీ తెరిచింది.

వర్షిత, కొట్టు కంప్యూటర్.
విశాల్, ఫోన్.
బుచ్చయ్య, కొట్టు కంప్యూటర్.

మూడు పచ్చచుక్కలు. మూడోది తాత పోయినప్పటి నుంచి బూడిదరంగులోనే ఉంది. ఇప్పుడు వెలుగుతోంది.

ఆమె సాయితేజకు ఫోన్ చేసింది. అటువైపు ఆఫీసు గోల వినిపించింది.

"కంగారు పడకండి వర్షితగారూ. కరెంటు పోయి వచ్చినప్పుడు పాత కనెక్షన్లు అలా ఇరుక్కుపోతుంటాయి. పేరు మీద నొక్కితే 'తెంచు' అని వస్తుంది. తెంచేయండి."

ఆమె తెంచింది. పచ్చచుక్క ఆరిపోయింది. హమ్మయ్య అనుకుని మొదటి వరస వైపు చెయ్యి కదిపింది.

వెనక కొట్టంలో బర్రెలు నెమరు ఆపేశాయి.

చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడు అది. ఉన్నప్పుడు వినపడదు. ఆగిపోతే చెవులు గింగురుమంటాయి. అన్ని నోళ్లూ ఒకేసారి ఆగాయి. ఒక్క తోక కూడా కదిలిన చప్పుడు లేదు. తెరమీద పచ్చచుక్క మళ్లీ వెలిగింది.

"అన్నా, మళ్ల వచ్చింది."

"ఉండండి, నేనూ ఇక్కణ్ణుంచి చూస్తున్నా." కీబోర్డు టకటక.  "వర్షితగారూ, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లేరన్నా. నేనొక్కదాన్నే ఉన్న."

"ఏం లేదు... అడ్రస్ మీ కొట్టుదే. ఆ కంప్యూటర్ నుంచే వస్తోంది. ఇప్పుడు తెంచాక మళ్లీ ఎవరో కొత్తగా పాస్‌వర్డ్ కొట్టి వచ్చారు. అది పాతదేం కాదు."

తాత పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. సాయితేజకు కూడా చెప్పకుండా, కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టుకునేవాడు. అడిగితే చిన్నపిల్లాడిలా సిగ్గుపడేవాడు.

వర్షిత మోచేతికి ఏదో తగిలింది. చూసింది. తాత కుర్చీ చెయ్యి. గోడకు చేర్చి పెట్టిన కుర్చీ బల్ల దగ్గరికి వచ్చి ఉంది. నేనే ఇక్కడ పెట్టానేమో అనుకోవడానికి ఎంతో ప్రయత్నించింది. స్టూలు అవతలికి జరుపుకుంది. 

వాన మొదలైంది. మలుపు దగ్గర పాట గజిబిజిగా తెగిపోయి, ఆడవాళ్లు తాంబాళాలు ఎత్తుకుని ఇళ్లలోకి పరిగెత్తిన అలికిడి వినిపించింది. విశాల్ రెయిన్‌కోటు కప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏందక్కా, ఇంకా కాలే? అందరు ఫోన్లు కొడుతున్నరు. సుగుణమ్మ కోడలు చంటిపిల్లతోని దర్వాజ కాడ్నే నిలవడ్డదంట. లొల్లి లొల్లి అయితది."

"అయితుంది, ఉండు."

"పాలు ఇరిగిపోతే శివయ్య కాక నన్నే తిడతడు," అంటూ వాడు మళ్లీ బండి దగ్గరికి పోయాడు.

ఫోన్‌లో సాయితేజ గొంతు తగ్గింది. "ఒకటే దారి ఉంది. ఆ యూజర్‌నే తీసేయండి. ఆ పేరే లేకపోతే ఎవరూ రాలేరు. నిజానికి ఎప్పుడో తీసేయాల్సింది. పోయినవాళ్ల కనెక్షన్ ఉంచడం ఎప్పుడూ మంచిది కాదు."

"తియ్యనని మాటిచ్చిన అన్నా. పిట్ట కాడ."

 భీమవరంలోనూ పిట్టకు పెడతారు. ఆ మాటలు ఎలాంటివో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"మీ ఇష్టం," అన్నాడు చివరికి.

ఆమె మెట్ల వైపు తిరిగి పైకి కేకేసింది. "నాయనమ్మా, ఏం చేస్తున్నవ్?"

"పండుకున్న బిడ్డా." కొంచెం ఆగి, "కింద చెంబు చప్పుడు నీదేనా?"

వర్షిత అలమర వైపు చూసింది. చెంబు బోర్లించినట్టే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నాదే," అంది. ఆ రోజుకు అది రెండో అబద్ధం.

ఇక్కడ ఆమె ఒక పని చేసి ఉండాల్సింది. ఆ చెంబులో పాలు పోసుకుని, పైకి పోయి, కాళ్లమీద పడైనా నాయనమ్మ చేత రెండు గుక్కలు తాగించి ఉంటే ఆ వరస నిజమై ఉండేది. అడ్డం పట్టిన చెయ్యి దానంతటదే జరిగి ఉండేదేమో. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ కొట్టు ఫోన్ మోగుతూనే ఉంది. బయట విశాల్ హారన్ కొడుతున్నాడు. పక్కన కుర్చీ ఉంది. మెట్లెక్కాలంటే ఆ కుర్చీ వెనకనుంచే పోవాలి. ఆమెకు కాళ్లు రాలేదు. అంతే. పిరికితనం అంటే అదే, తర్వాత ఆమె ఎన్నోసార్లు తనను తాను అలాగే తిట్టుకుంది.

ఆమె బుచ్చయ్య పేరుమీద నొక్కింది. 'ఈ యూజర్‌ను పూర్తిగా తీసేయాలా?' అని అడిగింది తెర.

"తాతా," అంది గొణుగుతూ. "రేపు మళ్ల పెడత. గీ ఒక్క పూటకే."

నొక్కింది.

పేరు పోయింది. పచ్చచుక్క పోయింది. ఆమె రెప్ప వేయకుండా చూసింది. మళ్లీ రాలేదు. ఇన్వర్టర్ ఒకసారి కీచుమని, లైటు తగ్గి, మళ్లీ నిలబడింది. పట్టీలో ఇద్దరే ఉన్నారు. మొదటి వరస తెరుచుకుని ఆమె ముందు ఉంది. ఎవరూ పట్టుకుని లేరు. 'అందింది' నొక్కడానికి చెయ్యి ఎత్తింది.

అప్పుడు వాసన వచ్చింది.

అప్పుడే పితికిన పాల వాసన. వేడిగా, కమ్మగా. దాని అడుగున బీడీ. ఆ వాసన ఆమె వీపు వెనకనుంచి నెమ్మదిగా జరిగింది. మెడమీద వెచ్చగా ఆవిరి తగిలింది.  తిరిగి చూడాలని లేదు... చూడకుండా ఉండాలని కూడా లేదు. అలమర మాత్రం కంటికొసన కనిపిస్తూనే ఉంది. అక్కడ చెంబు లేదు.

ఠంగ్...

మొదటి మెట్టు.

"నాయనమ్మా," అని అరవాలనుకుంది. 

ఠంగ్... ఠంగ్...

తొందర లేదు. మోకాళ్ల నొప్పితో ఎక్కే మనిషి ఆగి ఆగి ఎక్కినట్టే. మధ్య మెట్టు దగ్గర ఎప్పుడూ ఒకసారి ఆగేవాడు. ఆగింది. మళ్లీ ఎక్కింది. పైన మంచం కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు.

"ఇంత ఆలస్యమా," అంది రుక్మాబాయి గొంతు. ఎంత మెత్తగా ఉందో ఆ గొంతు. వర్షిత పుట్టినప్పటి నుంచి అలాంటి గొంతు వినలేదు. "ఎన్ని దినాలాయె..."

తర్వాత ఏమీ వినపడలేదు. వాన ఒక్కటే.

తెరమీద, ఆమె చెయ్యి తగలకుండానే, మొదటి వరస మారింది.

రుక్మాబాయి, అరలీటరు, అందింది.

"అక్కా, ఓపెనయింది. పోతున్న," అని బయటనుంచి విశాల్ హుషారుగా అరిచాడు. బండి స్టార్టయి, వానలో సందు మలుపు తిరిగిపోయింది.

వర్షిత మెట్లెక్కిందో, పాకిందో ఆమెకు తెలియదు. రుక్మాబాయి గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. చీర కొంగు సర్దుకుని, జుట్టు చేత్తో దువ్వుకున్నట్టు ఉంది. పైపెదవి మీద తెల్లగా నురగ. కళ్లు తెరిచి గుమ్మం వైపు చూస్తున్నాయి, కానీ వర్షితను చూడటం లేదు. ఆమె ఒడిలో చెంబు ఉంది. ఖాళీగా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నాయనమ్మ చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

వర్షిత ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. దాణా బస్తాలతో తడిసి వచ్చిన శివయ్య పైకి వచ్చి చూసేదాకా అలా రుద్దుతూనే ఉంది.

గుండె ఆగిందన్నాడు డాక్టర్. ఆ వయసులో మామూలే అన్నాడు. సాయితేజ రాగానే కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. తాతగారి కనెక్షన్ పోయేముందు పంపిన ఆజ్ఞ ఏదో దారిలో ఆగి, ఆలస్యంగా అమలై ఉంటుందన్నాడు. ఎవరు మార్చారో రాసే గడిలో మాత్రం ఏ పేరూ లేదు.

"మరి చెంబు అన్నా?" అని అడిగింది వర్షిత.

సాయితేజ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.  మర్నాడే రేకుల గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

మళ్లీ మూసీ ఒడ్డు. మళ్లీ విస్తరి. రుక్మాబాయికి ఇష్టమైన పూరీలు, బెల్లం పరమాన్నం, జున్ను. వర్షిత దూరంగా, గోడ దగ్గర, పోయినసారి నాయనమ్మ ఆనుకున్న చోటే నిలబడింది. ఈసారి నోరు తెరవనని ఒట్టు పెట్టుకుంది. ఎవరేమన్నా సరే, ఏ మాటా ఇవ్వదు.

కాకులు గోడమీదికి వచ్చాయి. దిగలేదు. చుట్టాలు తలా ఒక మాట ఇచ్చారు. మనవరాలి పెళ్లి మంచిగా చేస్తామన్నారు, ఏటేటా ఆమె పేరుమీద అన్నం పెడతామన్నారు. దిగలేదు. మబ్బు పట్టింది. ముసలివాళ్లు నిలబడలేక గుసగుసలాడారు. అందరూ శివయ్య వైపు చూశారు. ఎన్నడూ నోరు విప్పని ఆ మనిషి నెమ్మదిగా నడిచి, విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేలకు మొహం ఆనేంతగా వంగి ఏదో చెప్పాడు. ఒక్క మాటే. పెదాలు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. లేచేముందు ఒక్కసారి వెనక్కి, వర్షిత వైపు చూశాడు.

రెండు కాకులు దిగాయి. రెండూ ఒకేసారి, పక్కపక్కన.

దారిలో ఆటోలో వర్షిత అడిగింది. "ఏం చెప్పినవ్ బాపు?"

"ఏం లే."

"ఏం మాటిచ్చినవ్?"

శివయ్య నయాపూల్ మీద ట్రాఫిక్ వంక చూస్తూ కూర్చున్నాడు. కూతురి మొహం వైపు తిరగలేదు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం వేసింది.

సాయంత్రం పాలు పితికారు. చావొచ్చినా బర్రెలు ఆగవు కదా. విశాల్ క్యాన్లు ఎక్కించుకుని మాట్లాడకుండా నిలబడ్డాడు. వర్షిత స్టూలు మీద కూర్చుని కనెక్ట్ అయింది. ఇక ఆ మొదటి వరస తీసేయాలి, రివాజూ లేదు, తాగే మనిషీ లేదు. వరస తీసేద్దామని తెరిచింది.

వర్షిత, అరలీటరు, అందలేదు.

ఆమె రాయలేదు. సాయితేజ ఫోన్ ఎత్తడం లేదు. పట్టీ తెరిచింది. ఆమె పేరు కింద, విశాల్ పేరు కింద, పేరు లేని రెండు పచ్చచుక్కలు. రెండింటి ఎదురుగా ఒకటే మాట. కొట్టు కంప్యూటర్. వెనక కొట్టంలో నెమరు ఆగిపోయింది.

ఠంగ్...

మెట్ల మీద కాదు. కొట్టం వైపు నుంచి.

ఠంగ్... ఠంగ్...

ఈసారి ఆమె తిరిగి చూసింది. చూడకపోతే చచ్చిపోతాననిపించింది. గుమ్మంలో శివయ్య నిలబడి ఉన్నాడు. ఆమె ఒంట్లోకి ప్రాణం వచ్చింది. బాపు. బాపే. కొట్టంలోంచి వస్తూ కాళ్లకు పేడ అంటుకుని, ఎప్పటిలాగే ఉన్నాడు. చేతిలో స్టీలు చెంబు, పైదాకా నురగ.

"తాగు బిడ్డా," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఆమెకు ఒక్కసారి కూడా పాలు తెచ్చివ్వలేదు.

"నాకొద్దు బాపు."

"తాగు. చల్లారిపోతది."

చెంబు ఆమె చేతుల్లో పెట్టాడు. వెచ్చగా ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే చెంబు అంచుకు ఏదో తగిలి ఠంగుమంది. ఆమె చూసింది. ఆయన వేలికి వెండి ఉంగరం ఉంది. అరిగిపోయిన అంచు, మధ్యలో సొట్ట, నిప్పులో కాలి ఒకవైపు నల్లబడి ఉంది.

"బాపు," అంది మెల్లిగా. "గా ఉంగరం ఎక్కడిది?"

శివయ్య తన చేతివంక చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ ఉంగరాన్ని ఆయన కూడా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. తెరమీద, ఎవరి చెయ్యీ తగలకుండానే, వర్షిత పేరు ఎదురుగా 'అందింది' అని పడింది.

"అక్కా, ఓపెనయింది," అన్నాడు బయటనుంచి విశాల్. "పోతున్న."